అలీ చేతికర్ర: మలేషియా అడవిలో ఒక చేదు వేరు

మా పెద్దక్క భర్తను మేము దూల్హాభాయి అని పిలుస్తాము. ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంటు వేశారు. మేము కౌలాలంపూర్ ప్రయాణమవుతున్నామని తెలిసి, ఒక సాయంత్రం అసర్ నమాజు తరువాత మస్జిదు వసారాలో మమ్మల్ని పక్కకు పిలిచి, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. దాని మీద ఉర్దూలో రాసినది రెండే మాటలు: తోంగ్కత్ అలీ. కాగితం మడతలో ఐదు వేల రూపాయలు ఉన్నాయి.

"నీరసంగా ఉంటోంది మౌల్వీసాబ్. అక్కడ దొరికే కాఫీ పొట్లాలు బాగా పనిచేస్తాయట. మీ అక్కకు చెప్పకండి" అన్నారు.

పెద్దవారు సిగ్గుపడుతూ అడిగిన మాటకు మళ్లీ ప్రశ్న వేయడం మర్యాద కాదనిపించింది. అమానత్ అని జేబులో పెట్టుకున్నాము. ఆ పొరపాటు మాదే. ఎందుకు కావాలో అడగకపోయినా, ఏయే మందులు వాడుతున్నారో అడిగి ఉండవలసింది.

కౌలాలంపూర్‌లో మాకు ఆతిథ్యం ఇచ్చినది మా పూర్వ విద్యార్థి. మా మదరసాలో హిఫ్జ్ పూర్తి చేసి, తరువాత ఫార్మసీ చదివి, ఇప్పుడు అక్కడ ఒక మందుల తయారీ సంస్థలో నాణ్యతా పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాడు. మొదటి రెండు రోజులు అతనికి సెలవు దొరకలేదు. మేము, మా శ్రీమతి సొంతంగానే ఊరు చూడబోయాము. క్లాంగ్, గొంబాక్ నదులు కలిసే చోట 1909లో కట్టిన మస్జిద్ జామె ఉన్నది. ఎర్ర ఇటుకలు, తెల్లని చారలు, చుట్టూ కొబ్బరి చెట్లు. జొహర్ నమాజు అక్కడ చేసుకున్నాము. అక్కడి నుంచి కొద్ది దూరం నడిస్తే మస్జిద్ ఇండియా వీధి. తమిళ ముస్లిములు కట్టుకున్న మస్జిదు పేరే ఆ వీధికి వచ్చినది. చీరలు, అత్తర్లు, ఖర్జూరాలు, తస్బీహ్‌లు, వాటి మధ్యనే కాలిబాట మీద వనమూలికల అంగళ్లు. గోనెపట్టాల మీద ఎండిన వేర్లు, బెరళ్లు, సీసాలలో నూనెలు. ఒకాయన మైకు పట్టుకుని మందుల గుణాలు వర్ణిస్తుంటే చుట్టూ జనం మూగి ఉన్నారు. మన సంతలలో వేర్లమ్మేవారిని చూసిన కళ్లకు అది కొత్తగా తోచలేదు.

మేము అడిగినది వినగానే ఒక దుకాణదారుడు తమిళం కలిసిన హిందీలో మాట అందుకున్నాడు. హజ్రత్ అలీ (రజి) ఈ కర్ర చేతపట్టుకునే యుద్ధాలు గెలిచారని, అందుకే ఆ పేరు వచ్చినదని చెప్పాడు. ముప్పై ఏళ్లుగా హదీసు పాఠం చెబుతున్న మా ఎదుట ఆ మాట అన్నాడు పాపం. ఏ ఉల్లేఖనంలోనూ అటువంటిది లేదు, ఉండేందుకు అవకాశమూ లేదు. ఈ మొక్క అరేబియాలో మొలిచేది కాదు. మలయ్ భాషలో 'తోంగ్కత్' అంటే చేతికర్ర. పొడవుగా నేలలోకి దిగే వేరును చూసి మలయ్ ముస్లిములు తాము ప్రేమించే ఒక మహనీయుని పేరు పెట్టుకున్నారు, అంతే. స్త్రీల మందుగా వాడే మరొక అడవి మొక్కను వారు 'కచిప్ ఫాతిమా' అంటారు. పేరులో అభిమానం ఉన్నది. ఆ అభిమానాన్ని సరుకు అమ్ముకునేందుకు వాడుకోవడం మాత్రం మాకు నచ్చలేదు.

అయినా రెండు పెట్టెలు కొన్నాము. పెట్టె మీద పులి బొమ్మ, ఒక మూల హలాల్ ముద్ర వంటిది ఉన్నాయి. ఆ ముద్ర ఎవరు వేసినదో చదివి చూడలేదు. దుకాణదారుడు మా శ్రీమతి వైపు తిరిగి, ఇంట్లో కోడళ్లుంటే కచిప్ ఫాతిమా కూడా తీసుకెళ్లమన్నాడు. "మా కోడలికి ఇప్పుడు ఆరో నెల. ఇవ్వవచ్చా?" అని ఆమె అడిగితే, "ఆకులే కదమ్మా, ఏమీ కాదు" అన్నాడు. ఆమె వద్దన్నది. వీధి మలుపు తిరిగాక మాతో ఒక మాట అన్నది: "మగవారి కాఫీ గురించి అరగంటలో పనిచేస్తుందన్నాడు, విన్నారా? కషాయం ఏదైనా అరగంటలో పనిచేయడం మీరెప్పుడైనా చూశారా?" మేము జవాబు చెప్పలేదు. పెట్టెలు సూట్‌కేసులో అడుగున పెట్టాము.

మూడవ రోజు అడవికి బయలుదేరాము. మలేషియా నడిమధ్యన పహాంగ్, కెలంతాన్, తెరెంగాను రాష్ట్రాలలో 4,343 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన 'తమన్ నెగారా' అనే జాతీయ వనం ఉన్నది. ప్రపంచంలోని అతి ప్రాచీనమైన వర్షారణ్యాలలో అది ఒకటి. నగరం నుంచి రేవు దాకా కారులో మూడు గంటల ప్రయాణం. మా విద్యార్థి కుదిర్చిన డ్రైవరుకు డెబ్బై ఏళ్లు ఉంటాయి. మేము మాట్లాడుకోవడం విని, ఆశ్చర్యంగా "మీరు తెలుగువాళ్లా అండీ?" అన్నాడు. ఆయన తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి రబ్బరు తోటలకు కూలీగా వచ్చారట. పెరాక్ రాష్ట్రంలో పుట్టి పెరిగిన ఆయన తెలుగు, మన అవ్వలు మాట్లాడిన తెలుగు. మూడు తరాలుగా ఆ దేశంలో తెలుగు నిలబెట్టుకున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయని, 1955లోనే అక్కడ తెలుగు సంఘం ఏర్పడినదని ఆయన చెబుతుంటే విని సంతోషించాము.

తోంగ్కత్ అలీ గురించి అడిగితే ఆయన నవ్వాడు. "ఇప్పుడది మగతనం మందు అయిపోయింది. మా తోటల్లో అది జ్వరం మందు. చలిజ్వరం వస్తే మలయ్‌వాళ్లు ఆ వేరు మరగబెట్టి ఇచ్చేవారు. తాగి లేచినవాళ్లూ ఉన్నారు, తాగి పోయినవాళ్లూ ఉన్నారు. మా నాయనమ్మ పోయింది" అన్నాడు. తరువాత చాలా దూరం ఆయన మాట్లాడలేదు.

క్వాలా టెంబెలింగ్ రేవు నుంచి సన్నని పొడవాటి చెక్క పడవలో నదికి ఎదురుగా దాదాపు మూడు గంటలు వెళ్లాలి. నీరు టీ రంగులో ఉంటుంది. రెండు గట్ల మీదా చెట్లు నది మీదికి వంగి, ఒకదానిపై ఒకటి అంతస్తులుగా పెరిగి, ఆకాశాన్ని ఒక గీతలా మిగిల్చాయి. నల్లమల అడవులు ఎరిగిన వారం మేము. వేసవిలో ఆకు రాల్చి ఎండిపోయే అడవి మాకు తెలుసు. ఇక్కడ ఆకు రాలే కాలమంటూ లేదు. ఏ నెలలోనైనా వాన పడుతుంది. చెమట ఆరదు. క్వాలా తహాన్ అనే చిన్న ఊళ్లో దిగితే, నది మీద తెప్పలపై తేలుతున్న భోజనశాలలు కనిపించాయి. ఊరి సురావ్‌లో, అంటే చిన్న నమాజు గదిలో, మగ్రిబ్ చేసుకున్నాము. ఇమాము మా గడ్డాన్ని, టోపీని చూసి 'ఉస్తాజ్' అని పిలిచి చాప పరిచాడు. భాష కలవకపోయినా సలాము కలిసినది.

మరునాడు ఉదయం ఒక మలయ్ యువకుడు మాకు దారి చూపాడు. ఇంగ్లీషు కొంత వచ్చు. జలగలు పట్టకుండా సాక్సులలో పైజామా దోపుకోమన్నాడు, అయినా పట్టాయి. గంట నడిచాక దారి పక్కన ఆగి, "ఇదే" అన్నాడు.

మేము ఊహించుకున్న మహావృక్షం కాదది. మా ఎత్తు మాత్రమే ఉన్న సన్నని కాండం. ఒక్క కొమ్మ లేదు. తల మీద మాత్రం పొడవైన ఈనెలకు రెండు వైపులా జంటజంటలుగా ఆకులు, గొడుగు విప్పినట్లు ఉన్నాయి. 'అలీ గొడుగు' అనే పేరు కూడా దానికి ఉన్నదట. పెద్ద చెట్ల నీడలోనే అది పెరుగుతుంది, పది మీటర్ల వరకూ ఎదుగుతుంది. మందు అంతా వేరులోనే ఉన్నదంటారు. ఆ వేరు నిటారుగా లోతుకు దిగుతుంది గనుకనే ఇండోనేషియాలో దానిని 'పసక్ బూమి', భూమిలో దిగగొట్టిన మేకు అంటారు. మన పొలం గట్ల మీద కనిపించే పెద్దమాను చెట్టూ ఇదే కుటుంబానికి చెందినది; ఈ కుటుంబమంతా చేదుకు పేరుపొందినది. వేరు తవ్వితే మొక్క చచ్చిపోతుంది. ఏళ్ల తరబడి ఎదిగిన మొక్క ఒక్కసారి మందుకే సరి. జాతీయ వనంలో ఆకైనా కోయరాదు గనుక మేము చూసి, వేలితో కాండాన్ని తాకి, ముందుకు నడిచాము.

రుచి ఆ యువకుని ఇంట్లో చూశాము. అతని తల్లి డబ్బాలోంచి తెల్లని వేరు ముక్కలు తీసి చూపారు. ఊరి బయట తోటలో పెంచినవట. వేలి పొడవు ముక్కలు రెండు, నాలుగు గ్లాసుల నీళ్లలో వేసి మరిగించారు. చిన్న కప్పులో సగం పోసి ఇచ్చారు. ఒక గుటక చాలు. వేపాకు కషాయం దీని ముందు షర్బత్ అనిపించినది. గొంతులో చేదు అసర్ దాకా ఉన్నది. మలయ్‌లో దీనికి 'చేదు విరుగుడు' అనే అర్థం వచ్చే పేరు కూడా ఉన్నదని కుమారుడు చెప్పాడు.

ఆ తల్లి చెప్పిన మాటలు అతను ఇంగ్లీషులోకి మారుస్తుంటే మేము శ్రద్ధగా విన్నాము. ఒళ్లునొప్పులకు, అలసటకు, జ్వరం తగ్గాక వచ్చే నీరసానికి ఇస్తారట. కాన్పు తరువాత కొందరు తాగుతారు. కడుపుతో ఉన్నప్పుడు ముట్టుకోరాదు. పిల్లలకు ఇవ్వరు. రోజూ తాగేది కాదు. రాత్రి తాగితే నిద్ర పట్టదు. జ్వరం మూడో రోజుకు తగ్గకపోతే పడవెక్కించి ఆసుపత్రికి తీసుకుపోవాలి. కచిప్ ఫాతిమా గురించి మా శ్రీమతి అడిగితే, ఆమె చేతులు రెండూ అడ్డంగా ఊపారు: నెలలు నిండక ముందు ససేమిరా వద్దు, కాన్పు నొప్పులు త్వరపడేందుకు పూర్వం దానిని ఇచ్చేవారు అన్నారు. మా శ్రీమతి మా వైపు చూసిన చూపు మాకు అర్థమైనది. వీధిలో "ఆకులే కదమ్మా" అన్నది ఈ ఆకునే.

"మీరు ఇప్పుడూ తాగుతారా?" అని అడిగాము. లేదట. ఆమెకు రక్తపోటు మాత్రలు మొదలయ్యాక, క్లినిక్‌లో నర్సును అడిగి మానేశారట. చదువు అంతంత మాత్రమైన ఆ అడవి ఊరి తల్లికి తోచిన ప్రశ్న, రెండు పెట్టెలు కొనేటప్పుడు మాకు తోచలేదు.

నగరానికి తిరిగి వచ్చిన రాత్రి పెట్టెలు తీసి మా విద్యార్థి ముందు పెట్టాము. అతను వెనక్కు తిప్పి చూసి, కాసేపు మౌనంగా ఉండి, "హజ్రత్, ఇవి ఎవరి కోసం?" అన్నాడు. చెప్పాము. గుండెకు ఏ మాత్రలు వాడుతున్నారని అడిగాడు. అన్నీ తెలియవు గానీ, ఛాతీ పట్టేసినప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్ర ఒకటి జేబులో ఎప్పుడూ ఉంటుందని చెప్పాము. అతని ముఖం మారిపోయినది.

ఆ రాత్రి అతను గురువు, మేము శిష్యులం. ఆ దేశంలో మందుగా అమ్మే సంప్రదాయ ఔషధాలు ప్రభుత్వం వద్ద నమోదు కావాలి. 1992 నుంచి ఆ నియమం ఉన్నది. నమోదైన పెట్టె మీద 'ఎంఎఎల్' అనే అక్షరాలతో మొదలయ్యే సంఖ్య, చివర సంప్రదాయ ఔషధమని తెలిపే 'టి' అక్షరం, మెరిసే భద్రతా స్టిక్కరు ఉంటాయి. సీసం, పాదరసం వంటి లోహాలు, సూక్ష్మజీవులు హద్దులో ఉన్నాయా, లోపల అల్లోపతి మందు కలిపారా అని చూస్తారు. మందు పనిచేస్తుందని ఆ సంఖ్య హామీ ఇవ్వదు. సంప్రదాయంగా ఫలానా దానికి వాడతారని రాసుకోనిస్తుంది, అంతే. కాఫీ పొట్లాలలో చాలావరకు మందుగా కాక ఆహారంగా బజారుకు వస్తాయి గనుక వాటిపై ఆ సంఖ్య కూడా కనిపించదు. మా పెట్టె మీద తయారీదారు చిరునామా కూడా సరిగా లేదు.

అసలు ప్రమాదం వేరుతో కాదన్నాడు. ఇటువంటి కాఫీలలో సిల్డెనాఫిల్, తడలాఫిల్ అనే పురుషుల మందులను పేరు చెప్పకుండా కలిపినట్లు మలేషియా, సింగపూర్, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలు పదేపదే పట్టుకుని హెచ్చరికలు ప్రకటించాయి. కొందరు ఆ రసాయనాన్ని కొద్దిగా మార్చి, మామూలు పరీక్షకు దొరకకుండా కలుపుతారు. వైద్యుడు చూసి రాసిచ్చినప్పుడు అవి మందులే. కానీ నాలుక కింద పెట్టుకునే నైట్రేటు మాత్రతో అవి కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా కుప్పకూలుతుంది, ప్రాణం పోవచ్చు. "ఖాలాజాన్ సరిగ్గానే పట్టుకున్నారు హజ్రత్. అరగంటలో పనిచేసేది వేరు కాదు, అందులో కలిపిన మాత్ర" అన్నాడు. మా శ్రీమతి అప్పుడు వంటగదిలో ఉన్నది, వినలేదనుకున్నాము, విన్నది.

మరి శుద్ధమైన వేరు మాటేమిటి అని అడిగాము. ఆ వేరులో యూరికోమనోన్ వంటి చేదు పదార్థాలు ఉన్నాయి. ప్రయోగశాలలో అవి మలేరియా క్రిమిని చంపాయి. రోగిని బాగుచేస్తాయని ఎవరూ నిరూపించలేదు. పురుష హార్మోను తక్కువగా ఉన్న వారిలో అది కొంత పెరిగినట్లు కొన్ని పరిశోధనలు చూపాయి. అవి కొద్దిమందితో, కొద్ది వారాలో నెలలో జరిగినవి. మరోవైపు ప్రొప్రనలాల్ అనే మాత్రతో పాటు ఈ సారం తీసుకుంటే ఆ మాత్ర శరీరానికి అందే మోతాదు తగ్గిపోయినట్లు ఒక అధ్యయనంలో తేలినది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2021లో దీని వేరు సారాన్ని పరిశీలించి, కణాలలోని డీఎన్ఏకు హాని జరిగే అవకాశం కనిపిస్తున్నందున ఇది సురక్షితమని చెప్పలేమని తేల్చినది. అక్కడి వారు తరతరాలుగా తాగుతున్నారన్నదీ నిజమే. అప్పుడప్పుడు అర కప్పు కషాయం వేరు, గాఢంగా తీసిన సారాన్ని క్యాప్సూల్‌లో నింపి రోజూ మింగడం వేరు అన్నాడు మా విద్యార్థి. మాకది న్యాయంగా తోచినది.

నిద్రపట్టక, మేము పాఠం చెప్పే రెండు విషయాలు నెమరు వేసుకున్నాము. మదీనా బజారులో దైవప్రవక్త (స) ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టిన ఉదంతం ప్రతి సంవత్సరం విద్యార్థులకు చెబుతాము. పైన పొడి ధాన్యం, లోపల వేళ్లకు తడి తగిలినది. వానకు తడిసినదని వర్తకుడు చెబితే, జనం చూసేలా ఆ తడి భాగాన్ని పైన ఉంచలేదేమని ఆయన (స) మందలించారు. ధాన్యం తడిసినంతకే ఆ మందలింపు! ఇక్కడ తడి కాదు, రాశి లోపల దాచినది ప్రాణాంతకమైన మాత్ర. రెండవది ఇబ్న్ సీనా మాట. మందును ఎలా పరీక్షించాలో తన వైద్య గ్రంథంలో నియమాలు చెబుతూ, ముందుగా ఆ మందులో పైనుంచి వచ్చిన గుణమేదీ కలిసి ఉండరాదన్నాడు. కలిసి ఉంటే, పనిచేసినది ఏదో ఎలా తెలుస్తుంది? వెయ్యేళ్ల నాటి ఆ షరతు మా పెట్టె దగ్గరే వీగిపోయినది.

ఇక ఆ పెట్టెలను ఏమి చేయాలి? లోపం తెలిసిన సరుకును ఇతరులకు అమ్మరాదు, దానంగానూ ఇవ్వరాదు. ఒక పెట్టెను మా విద్యార్థి పరీక్షకు, ఫిర్యాదుకు పంపుతానని తీసుకున్నాడు. రెండవది అతని ఇంట్లోనే పొట్లాలు కత్తిరించి పారబోశాము. కాఫీ వాసన మాత్రం చాలా బాగున్నది.

ఇంటికి వచ్చిన మరునాడే దూల్హాభాయి వచ్చారు. ఆయన ఐదు వేలూ ఆయన చేతిలో పెట్టి, జరిగినది పూస గుచ్చినట్లు చెప్పాము. కోపగించుకుంటారనుకున్నాము. ఆయన తలవంచుకుని చాలాసేపు కూర్చున్నారు. తరువాత మెల్లగా అన్నారు: "రంజానుకు ముందు గల్ఫ్ నుంచి వచ్చిన మిత్రుడు ఇటువంటిదే ఒక పెట్టె ఇచ్చాడు. రెండుసార్లు తాగాను. రెండవసారి వుజూ దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. షుగర్ అనుకున్నాను."

"ఆ రోజు నాలుక కింద మాత్ర పెట్టుకున్నారా?"

"లేదు. పెట్టుకుందామని జేబులో చేయి పెట్టాను. మాత్ర ఇంట్లో మరిచిపోయాను."

అల్హందులిల్లాహ్ అనడం తప్ప మాకు మాట రాలేదు. గుండె డాక్టరుకు ఈ సంగతి చెప్పారా అని అడిగితే, ఆ డాక్టరు మహిళ, ఎలా చెప్పను అన్నారు. అదీ అసలు చిక్కు. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసివ్వండి, మాకు రాసిచ్చినట్లే అన్నాము. ఆయన మొదటిసారి నవ్వారు.

గురువారం ఇద్దరం కలిసి ఆసుపత్రికి వెళ్లాము. మేము బయట బల్ల మీద కూర్చున్నాము. ఆయన లోపలికి వెళుతూ జేబు తడుముకున్నారు. ఒక జేబులో నాలుగు మడతల కాగితం, రెండవ జేబులో గల్ఫ్ పెట్టెలో మిగిలిన మూడు పొట్లాలు.